సోలార్‌కు ఇంట్లో బ్యాటరీ పెడితే డబ్బు మిగులుతుందా?

మిర్యాలగూడలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. దానికి ప్యానెళ్లనూ బ్యాటరీనీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్, 5 యూనిట్ల కరెంటు దాచే లిథియం బ్యాటరీ పెట్టుకుని చాలాకాలంగా వాడుతున్నాం. డబ్బు మిగులుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే: నెట్ మీటర్ ఉన్న ఇంట్లో మిగలదు.

నెట్ మీటర్ ఉంటే, పగలు మనం వాడగా మిగిలిన కరెంటు లైనుకు పోతుంది. రాత్రి మనం వాడుకున్న యూనిట్లలోంచి దాన్ని తీసేస్తారు. యూనిట్‌కు యూనిట్ చెల్లు. అదే కరెంటును బ్యాటరీలో దాస్తే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కలిపి పదో వంతు దాకా పోతుంది. ఇక బ్యాటరీ ధర. మాకు రూ.1.2 లక్షలు పడింది. పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి చేతికొచ్చేది రోజుకు 4 యూనిట్లు. పదేళ్లపాటు ఒక్కరోజూ తప్పకుండా వాడినా 14,600 యూనిట్లే. అంటే ఒక యూనిట్ దాచడానికే రూ.8 పైన అవుతోంది! ముసురు పట్టిన వారంలో సగం కూడా నిండదు, అప్పుడు ఇంకా ఎక్కువే. పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం ఇచ్చే రూ.78,000 సబ్సిడీ కూడా ప్యానెళ్లకే, బ్యాటరీకి లేదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంటికైతే ఈ ఖర్చు అసలే వద్దు.

మరి మేమెందుకు ఉంచుకున్నాం? మే నెల గాలిదుమారానికి వైర్లు తెగితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. బ్యాటరీ లేని మామూలు సోలార్ అప్పుడు ఎర్రటి ఎండలోనూ పనిచేయదు. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. మా ఇంట్లో మాత్రం అమ్మ ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్, ముందు గదిలో మా ఆవిడ కుట్టు మిషన్లు నడుస్తూనే ఉంటాయి. ఆ నిశ్చింతకు నేను సంతోషంగా డబ్బు పెడతాను. కానీ దాన్ని ఆదా అని చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు.

కోతల కోసం ఎలాగూ ఇన్వర్టర్ బ్యాటరీలు కొనేవాళ్ల లెక్క వేరు. యాసిడ్ ఉండే ట్యూబులర్ బ్యాటరీలైతే నాలుగైదేళ్లకోసారి మార్చాలి. డిస్టిల్డ్ వాటర్ పోయాలి, టెర్మినళ్ల మీద పేరుకునే తెల్లటి పొడి తుడవాలి. ఆ ఖర్చంతా తీసేసి చూస్తే లిథియం ధర అంత భారం అనిపించదు.

ఎండ సంగతి మరిచిపోవద్దు. మా వైపు వేసవిలో 44 డిగ్రీలు మామూలే. వేడికి లిథియం ఆయుష్షు తగ్గుతుంది. డాబా మీది రేకుల గదిలో పెడదామని ఎలక్ట్రీషియన్ అన్నా, మేం కింద మెట్ల కింద గాలి ఆడే చోట పెట్టించాం. ప్యానెళ్ల మీద రైస్ మిల్లుల బూడిద పడుతుంది, దాన్ని తరచూ కడగాల్సిందే.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు ముందు ప్యానెళ్లు, నెట్ మీటర్ పెట్టించుకోండి. బ్యాటరీ తర్వాతైనా తగిలించేలా హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోండి. వారంటీ ఎన్నేళ్లు, అప్పటికి కెపాసిటీ ఎంత శాతం మిగలాలి, ఎన్ని డిగ్రీల వేడి వరకు వర్తిస్తుంది అన్న మూడూ డబ్బు కట్టకముందే కాగితం మీద చూసుకోండి.