రాసివ్వడమా, పక్కన నిలబడడమా: పని నేర్పేటప్పుడు ఏది మేలు?

జువాంగ్‌జీ అనే ప్రాచీన చైనా తావో తత్వగ్రంథంలో బియెన్ అనే వడ్రంగి ఉంటాడు. రథచక్రాలు చెక్కడం ఆయన పని. చీ రాజ్యపు పాలకుడు హ్వాన్ చదువుతున్న పుస్తకాన్ని, చచ్చిపోయినవాళ్ళు వదిలిన పిప్పి అంటాడు. ఉలిదెబ్బ మరీ మెల్లగా పడితే పట్టు దొరకదు, మరీ జోరుగా పడితే లోపలికి దిగదు. ఆ మధ్య లెక్క చేతికే తెలుసు, కొడుక్కి కూడా చెప్పలేకపోయాను, అందుకే 70 ఏళ్ళు వచ్చినా నేనే చెక్కుతున్నాను అని వాదిస్తాడు. (ఈ మాట మనదాకా వచ్చింది రాతలోనే అన్నది వేరే సంగతి.)

ఆ తావో తత్వంలో చెప్పే ‘వూ వెయ్’ అంటే ఊరికే కూర్చోవడం కాదు, బలవంతం లేకుండా పని సాగనివ్వడం. వంటింటి కత్తికి సాన పట్టడం నేర్పేటప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత) నీటిరాయి, అంటే నీళ్ళతో వాడే సానరాయి, నానబెట్టే రకమైతే పది నిమిషాలు నీళ్ళలో, కత్తి కోణం 15 నుంచి 20 డిగ్రీలు. ఇలా లెక్కకు అందేవన్నీ కాగితం మీద రాసివ్వడమే మేలు. పదిమందికి ఒకేసారి అందుతాయి, మరిచిపోతే మళ్ళీ చూసుకోవచ్చు. కానీ ‘ఒక్కో వైపు ఇరవైసార్లు’ అని రాశామో, చదివినవాడు ఇరవై లెక్కపెట్టి కత్తి తిప్పేస్తాడు. తిప్పాల్సింది అవతలి వైపు అంచు పొడవునా వేలికి సన్నగా గరుకు తగిలాక. అది రాకముందే తిప్పితే ఎంత రుద్దినా కత్తికి పదును రాదు.

పక్కన నిలబడితే ఆ గరుకును వేలితో తాకించి చూపవచ్చు. ఇక్కడ ప్రమాదం మన నోటిదే. ‘కోణం లేచింది, దించు’ అని ప్రతి రుద్దుకీ చెబుతుంటే నేర్చుకునేవాడు రాయిని వదిలి మన మొహం చూస్తాడు. ‘చూసి నేర్చుకో’ అని వదిలేసి వెళ్ళిపోవడం దీనికి విరుగుడు కాదు. దాంతో రాయి గుంటలు పడుతుంది, అంతే.

నా ఓటు మార్కర్ పెన్నుకి. అంచు పక్కనున్న వాలుకి సిరా పూసి, రెండు మూడుసార్లు రుద్దమనండి. అంచు దగ్గర సిరా మిగిలి పైన చెరిగితే కోణం తక్కువ, అంచు దగ్గర మాత్రమే చెరిగితే ఎక్కువ. తప్పు కత్తే చెబుతుంది.

అదే గ్రంథంలో డింగ్ అనే వంటవాడి కత్తి 19 ఏళ్ళయినా కొత్తగానే ఉంటుంది, ఎముకను నరక్కుండా కీళ్ళ సందుల్లో నడిపిస్తాడు కాబట్టి. నేర్పేవాడికి ఆ సందు ఎదుటివాడి ప్రశ్న. సిరా చూసి ‘మడమ (కత్తి పిడి వైపు చివర) దగ్గరే ఎందుకు మిగిలింది?’ అని అడిగినప్పుడు, అక్కడ వేళ్ళు ఆనించి నొక్కమని ఒక్క మాట చాలు.