ర్యూకాన్ రోప్‌వే: ఎండ కోసం వేసిన దారి

నార్వేలో ర్యూకాన్ ఊరి దాకా వెళ్తే అక్కడి రోప్‌వే క్రోసోబానెన్ ఎక్కకుండా మాత్రం రాకండి. ఊరంతా నిటారు కొండల మధ్య ఇరుకు లోయలో ఉంటుంది. సెప్టెంబర్ ఆఖరు నుంచి మార్చి మధ్య దాకా అక్కడ నేరుగా ఎండ పడదు. జలవిద్యుత్తుతో ఎరువులు తయారుచేయడానికి ఈ ఊరిని కట్టిన నోర్స్క్ హైడ్రో కంపెనీయే, జనానికి చలికాలంలో కాస్త ఎండ తగలాలని 1928లో ఈ రోప్‌వే వేయించింది. జీతంతోపాటు ఎండ కూడా ఇచ్చిన కంపెనీ గురించి నేనింకెక్కడా వినలేదు!

క్యాబిన్లు రెండే. ఎర్రది ఎక్కుతుంటే నీలంది దిగుతుంది. నాకు ఎర్రది దొరికింది. సగం దారిలో నీలంది పక్కనుంచే పోయింది. అందులో ఒక పిల్లాడు కిటికీకి ముక్కు ఆనించి మమ్మల్నే చూస్తున్నాడు. కాసేపటికి కొండ నీడ దాటాం, అంతే, అందరం ఒక్కసారిగా కళ్లు చికిలించాం. ఐదు నిమిషాల్లో 886 మీటర్ల ఎత్తున ఉన్న పై స్టేషన్ గ్వెప్సెబోర్గ్ చేరాం. ఎదురుగా 1883 మీటర్ల గౌస్టాటొప్పెన్ శిఖరం, నెత్తిన మంచుతో.

ఊరి కూడలిలోకి ఎండ మళ్లించడానికి 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు పెట్టారు. ముచ్చటగానే ఉంది, కానీ వెలుగు పడేది కొద్దిపాటి జాగాలోనే. నా ఓటు రోప్‌వేకే.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల అణు పరిశోధనకు అందకుండా 1943లో ఇక్కడి భారజలం (అణు రియాక్టర్లలో వాడే బరువైన నీరు) ప్లాంటును పేల్చేసిన కథ తెలిసినవాళ్లు, అది జరిగిన చోటే ఉన్న వేమోర్క్ మ్యూజియానికి ఇంకో పూట ఉంచుకోండి. మబ్బు పట్టిన రోజు రోప్‌వే టికెట్ దండగే. ఎండ ఉంది కదా అని జాకెట్ కింద వదిలేయొద్దు, పైన గాలి చెవులు కోసేస్తుంది.