రూ.199కి రక్తపిశాచి ప్రేమకథ: బెంగళూరు పాఠకులూ, కొనేముందు ఇది చూడండి

రక్తపిశాచులు, డ్రాగన్లు ఉండే ప్రేమ నవలల గ్రూపుల్లో, కథ ముందు ఎటు పోతుందో పుస్తకంలోని మాటలు పట్టుకుని ఊహించి 'థియరీలు' కడుతుంటాం. అక్కడ "నా పుస్తకంలో ఆ మాటే లేదే" అని ఎవరైనా అంటే, థియరీ సంగతి తర్వాత, ముందు ఆ పుస్తకం ఎంతకు కొన్నారో అడగండి. రూ.150 అనో, మూడు కలిపి రూ.500 అనో జవాబొస్తే ఇక వాదించి లాభం లేదు. వాళ్ల చేతిలో ఉన్నది నవలకు తీసిన జిరాక్సు. అదీ సగం చెరిగిన జిరాక్సు.

మారతహళ్లి, మడివాళ పీజీల్లో ఉంటూ, జీతం పడగానే శనివారం సాయంత్రం ఎంజీ రోడ్డు వైపు వెళ్లి పుస్తకాలు తెచ్చుకునే మనవాళ్ల కోసం ఈ హెచ్చరిక. చర్చ్ స్ట్రీట్‌లోని పాత పుస్తకాల షాపుల గురించి కాదు. సెకండ్‌హ్యాండ్ వేరు, దొంగ అచ్చు వేరు. ఫుట్‌పాత్ మీద ప్లాస్టిక్ కవరు చుట్టి పేర్చిన 'కొత్త' కాపీలు, ఇన్‌స్టాలో 'ఇంపోర్టెడ్ క్వాలిటీ', 'ఫస్ట్ కాపీ' అని అమ్మేవి, అంచులకు రంగు పూసి 'లిమిటెడ్ ఎడిషన్' అని రూ.2,500 చెప్పేవి: గొడవంతా వీటితోనే. 'ఫస్ట్ కాపీ' అంటే డూప్లికేట్ అని చెప్పుల షాపులో అందరికీ తెలుసు. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకో మర్చిపోతాం.

దొంగ అచ్చు రెండు రకాలుగా తయారవుతుంది. మొదటిది, అసలు పుస్తకాన్ని స్కాన్ చేసి ప్లేట్లు వేయడం. ఇందులో మాటలు పోవు గానీ, బైండింగ్ వైపు అక్షరాలు వంగి ఉంటాయి, కొన్ని పేజీలు నల్లగా కొన్ని వెలిసిపోయినట్టు వస్తాయి, మ్యాపు ఉంటే అది మసి గుడ్డలా కనిపిస్తుంది. రెండోది ఈబుక్ ఫైలును పట్టుకొచ్చి మళ్లీ పేజీలు కట్టడం. చూడ్డానికి ఇది మొదటిదానికన్నా శుభ్రంగా ఉంటుంది, అందుకే ఎక్కువమంది ఇందులోనే పడతారు. థియరీలు రాసేవాళ్ల కొంప ముంచేది కూడా ఇదే.

కారణం ఇటాలిక్స్. ఈ తరహా నవలల్లో డ్రాగన్‌తో మనసులో మాట్లాడుకోవడం, ప్రేమికుల మధ్య మనోబంధం, పాత్ర తనలో తాను అనుకోవడం, ఇవన్నీ చాలావరకు వాలు అక్షరాల్లోనే అచ్చవుతాయి. ఫైలు మార్చేటప్పుడు ఆ వాలు పోతే అన్నీ ఒకే రకం అక్షరాలు. "వాడిని నమ్మకు" అనే వాక్యం ఉందనుకోండి. వాలుగా ఉంటే అది డ్రాగన్ ఇచ్చిన హెచ్చరిక. నిటారుగా ఉంటే కథ చెబుతున్న అమ్మాయి పాఠకుడితో అంటున్నట్టు. ఒకటి 'డ్రాగన్‌కు ముందే తెలుసు' అనే థియరీకి పునాది, రెండోది ఉత్త మాట. గ్రూపులో ఇద్దరు మూడు రోజులు కొట్టుకునేది ఈ ఒక్క వాలు కోసం.

అధ్యాయం మొదట్లో చిన్న అక్షరాల్లో వచ్చే ఉటంకింపులది కూడా ఇదే కథ. ఏదో కల్పిత గ్రంథం నుంచో, ఎవరో రాసిన ఉత్తరం నుంచో అని వేసే ఆ రెండు మూడు లైన్లను పేజీ కట్టేవాడు అలంకారం అనుకుని లేపేస్తాడు. రచయిత ముందు జరగబోయేదాన్ని దాచిపెట్టేది చాలాసార్లు అక్కడే. ఇవి కాక అక్షరాల తప్పులు: ఇంగ్లీషు అచ్చులో ఎఫ్, ఐ కలిపి ఒకే అచ్చుగా వేసే చోట్ల రెండూ మాయమై మాటకు కన్నం పడుతుంది. ఆర్, ఎన్ పక్కపక్కన వస్తే స్కానరు ఎమ్ అని చదువుతుంది. ఫేల (ఈ నవలల్లో వచ్చే మాయాశక్తుల జాతి) పేర్ల మీద గుర్తులుంటే వాటి స్థానంలో ఖాళీ డబ్బాలు. ఒకే రాజ్యం పేరు రెండు స్పెల్లింగుల్లో కనబడి, 'రెండు రాజ్యాలున్నాయి' అని థియరీ కట్టినవాళ్లను చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఒక్క పుస్తకం ఉదాహరణగా తీసుకుంటే చాలు. 'ట్విలైట్' వరసలోని 'న్యూ మూన్' (2006)లో రక్తపిశాచి ఎడ్వర్డ్ తన ప్రేయసి బెల్లాను వదిలి వెళ్లిపోయాక, కథ ఆగి, పేజీకి ఒక నెల పేరు మాత్రమే వస్తుంది: అక్టోబర్, నవంబర్, డిసెంబర్, జనవరి. ఇంకేమీ ఉండదు. ఆ పిల్ల నాలుగు నెలలు బతికినట్టే లేదని చెప్పే ఖాళీ అది, పుస్తకం మొత్తంలో అంత గట్టిగా తగిలే చోటు ఇంకోటి లేదు. కాగితం మిగుల్చుకునే దొంగ అచ్చువాడు ఆ పేజీలను మింగేస్తే, చదివేవాళ్లకు బెల్లా సెప్టెంబరు నుంచి ఒక్క గెంతులో కొత్త సంవత్సరంలో పడ్డట్టుంటుంది. తమాషా ఏమిటంటే అసలు కాపీ కొన్నవాళ్లు దీన్ని చూసి 'ఖాళీ పేజీలు వచ్చాయి, రిటర్న్ తీసుకోండి' అనే ప్రమాదమూ ఉంది. ఆ పేజీలుంటే సంతోషించండి, రిటర్న్ పెట్టకండి.

అదే వరసలో 'మిడ్‌నైట్ సన్' దగ్గర ఇంకో బురిడీ ఉంది. ఎడ్వర్డ్ వైపు నుంచి చెప్పే ఆ కథ చిత్తుప్రతి 2008లో నెట్‌లో లీకైంది, 12 అధ్యాయాలు. రచయిత్రి రాయడం ఆపేశారు, పూర్తి పుస్తకం 2020 ఆగస్టులో గానీ రాలేదు. కొత్త అట్ట కింద ఆ పాత చిత్తునే పెట్టి అంటగట్టొచ్చు. విషయసూచిక తిప్పండి, 12 దగ్గర ఆగిపోయిందంటే అది లీకైన ముక్క. దాని మీద కట్టిన థియరీలన్నీ రచయిత్రి పక్కన పెట్టేసిన కాగితాల మీద కట్టినవే.

చవకగా ఉన్నదల్లా దొంగదే అనుకోనక్కర్లేదు. 'డ్రాక్యులా' 1897 నాటిది, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, రూ.99కి ఎవరైనా న్యాయంగానే అచ్చేసుకోవచ్చు. అక్కడ చూడాల్సింది సంక్షిప్తమా కాదా అని. అసలు నవలలో 27 అధ్యాయాలు. మొదటిది మే 3న బిస్ట్రిట్జ్‌లో రాసిన డైరీతో మొదలవుతుంది. అంతా డైరీలు, ఉత్తరాలు, తేదీలే కాబట్టి కుదించినవాడు ముందు తేదీలనే నరుకుతాడు, ఎవరు ఏ రోజు ఎక్కడున్నారన్న లెక్క చెడుతుంది. దానికన్నా పాతదైన రక్తపిశాచి కథ 'కార్మిల్లా' 1871-72లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది, ముందుమాట కాక 16 అధ్యాయాలు. మన వారపత్రికల 'సశేషం' తరానికి ఇది నచ్చుతుంది. అట్ట మీద ఎక్కడా 'సంక్షిప్తం' అని రాయకుండా చెక్కేసిన ప్రతులున్నాయి, కాబట్టి అధ్యాయాలు లెక్కపెట్టే కొనండి.

ఇక చేతిలోకి తీసుకుని పరీక్షించడం. ప్లాస్టిక్ కవరు విప్పనివ్వకపోతే అక్కడే వదిలేయండి. విప్పనిస్తే ముందు కాపీరైట్ పేజీ. ఈబుక్ నుంచి కట్టినదైతే ఆ పేజీలోనో చివర్లోనో 'ఇక్కడ క్లిక్ చేయండి', 'న్యూస్‌లెటర్‌కు సైన్ అప్ చేయండి' అని గీత గీసి ఉంటుంది. కాగితం మీద క్లిక్ ఏమిటి? అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) పక్కన 'ఈబుక్' అన్న ఒక్క నంబరే ఉండి, వెనక అట్ట మీద బార్‌కోడ్ నంబరు వేరే ఉన్నా అంతే. బ్రిటన్‌లో క్రాయిడన్‌లో అచ్చయినట్టు రాసి ఉండి, లోపల మన దినపత్రిక కాగితం ఉంటే నమ్మాల్సింది కాగితాన్నే.

ఐఎస్‌బీఎన్ లెక్క కూడా ఫోన్ కాలిక్యులేటర్లో నిమిషం పని. 13 అంకెలను వరసగా 1, 3, 1, 3తో గుణిస్తూ కూడండి. మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. 9780306406157 తీసుకుంటే 100 వస్తుంది, సరైనదే. దొంగ అచ్చువాడు అసలు నంబరునే దించితే ఇది పట్టుకోలేదు, సొంతంగా అల్లిన నంబర్లనే పట్టుకుంటుంది. కాబట్టి లెక్క సరిపోయిందని సంబరపడకుండా ఆ నంబరును నెట్‌లో వెతికి, అది హార్డ్‌బ్యాక్‌దా పేపర్‌బ్యాక్‌దా చూడండి.

తర్వాత పేజీ నంబర్లు. పుస్తకం ఫారాలుగా, అంటే పేజీల కట్టలుగా అచ్చవుతుంది, ఎక్కువగా 16 పేజీలదో 32 పేజీలదో. కలిపేవాడు నిద్రమత్తులో ఉంటే ఒక ఫారం జారిపోతుంది లేదా రెండుసార్లు పడుతుంది. అందుకే పోతే ఒక పేజీ పోదు, 208 తర్వాత ఏకంగా 225 ఉంటుంది. బొటనవేలితో కింది మూల పట్టుకుని చివరిదాకా జారవిడుస్తూ నంబర్లు చూడండి, రెండు నిమిషాలు. ఒరిజినల్‌లోనూ ఇలా జరుగుతుంది, కాకపోతే దానికి బిల్లు ఉంటుంది, మార్చి ఇస్తారు. ఒకప్పుడు అద్దె లైబ్రరీ డిటెక్టివ్ నవల్లో చివరి పేజీ చింపేసినవాణ్ణి తిట్టుకునేవాళ్లు. ఇక్కడ తిట్టడానికి ఆ మనిషి కూడా దొరకడు.

బరువు కూడా చెబుతుంది. 129×198 మి.మీ. సైజు పేపర్‌బ్యాక్‌లో 400 పేజీలంటే 200 కాగితాలు, మొత్తం 5.1 చదరపు మీటర్లు. 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు 60 గ్రాముల) కాగితమైతే లోపలి భాగమే 306 గ్రాములు. న్యూస్‌ప్రింట్ 45 జీఎస్ఎం అనుకుంటే 230. వంటింటి త్రాసు మీద కూడా తెలిసే తేడా ఇది. అసలు ప్రచురణల్లోనూ తేలిక కాగితం వాడతారు కనుక దీన్నొక్కదాన్నే పట్టుకుని తేల్చకండి. న్యూస్‌ప్రింట్ అయితే మటుకు లిగ్నిన్ (కలపలో ఉండే పదార్థం) వల్ల కిటికీ పక్కన పెట్టిన కొన్నాళ్లకే పసుపెక్కుతుంది. అట్ట మీద బంగారు రంగు మెరుపు ఉండాల్సిన చోట పుస్తకాన్ని అటూ ఇటూ వంచి చూడండి: రేకు అద్దితే దీపం కింద వంచినప్పుడు మెరుపు కదులుతుంది, పసుపు ఇంకు ఎటు వంచినా పసుపే.

రంగు అంచుల వ్యవహారం వేరు, అక్కడ డబ్బు ఎక్కువ పోతుంది. ఇందులో పుస్తకం అసలుదే కావచ్చు. మామూలు కాపీని బిగించి, అంచుల మీద స్ప్రే కొట్టి, స్టెన్సిల్ పెట్టి డ్రాగనో గులాబీలో వేసి, 'పబ్లిషర్ స్పెషల్' అని మూడు రెట్లు ధర చెబుతారు. సొంతంగా వేశామని చెప్పి అమ్మితే తప్పేం లేదు, అదో కళ. చెప్పకపోవడం మోసం. బిగింపు వదులైతేనో రంగు ఎక్కువైతేనో ఇంకు రెండు మూడు మి.మీ. లోపలికి దిగి పేజీలు అతుక్కుంటాయి, విప్పితే అంచు చిరుగుతుంది. మధ్యలో తెరిచి లోపలి తెలుపు చూడండి, పొడి తెల్ల గుడ్డతో అంచు తుడవండి. కంపెనీ అంచులు కూడా మొదట్లో కాస్త అతుక్కుంటాయి, కానీ రంగు గుడ్డకు ధారాళంగా రాదు.

'ఫస్ట్ ఎడిషన్' అంటే కాపీరైట్ పేజీలో అంకెల వరస ఫొటో అడగండి. 10 9 8 అని దిగొచ్చినా, బేసి సంఖ్యలు ఒక వైపు సరి సంఖ్యలు ఒక వైపు ఉన్నా, వరసలో ఉన్న అతి చిన్న అంకే ముద్రణ సంఖ్య. అతి చిన్నది 7 అయితే అది ఏడో ముద్రణ, అమ్మేవాడు ఏమన్నా సరే. సంతకం ఉందంటే ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి, చుక్కలు చుక్కలుగా ఉంటే అది అచ్చు సంతకం.

'బోనస్ చాప్టర్ ఉన్న కాపీ' అన్న మాట దగ్గర కూడా ఆగండి. ఫేల నవల 'ఎ కోర్ట్ ఆఫ్ సిల్వర్ ఫ్లేమ్స్' (2021)కు అందులోని అజ్రియెల్ అనే పాత్ర వైపు నుంచి రాసిన అదనపు అధ్యాయం ప్రత్యేక ఎడిషన్లలో వచ్చింది, మామూలు పుస్తకంలో ఉండదు. అతనికి జోడీ ఎవరన్న తగువులో సగం దాని చుట్టూనే. మీ కాపీలో లేకపోతే అది లోపం కాదు. వెనక నాలుగు కాగితాలు విడిగా అంటించి ఉంటే మాత్రం ఎవరో నెట్‌లోంచి దించి అంటించారు, దానికి అదనంగా ఇచ్చేదేమీ లేదు.

రాని పుస్తకం 'లీక్' పీడీఎఫ్ రూ.49కి అంటే, అభిమానులు రాసుకున్న కథకో మెషీన్ రాసిన చెత్తకో పేరు మార్చి అమ్ముతున్నట్టే. పీడీఎఫ్ బదులు ఏదైనా యాప్ ఫైలు పంపి ఇన్‌స్టాల్ చేయమంటే తాకకండి, బ్యాంకు ఖాతాకే ఎసరు.

ఇన్‌స్టా ప్రీఆర్డర్లకు డబ్బు కట్టేముందు, చిన్న చీటీ మీద ఆ రోజు తేదీ, మీ పేరు రాసి పుస్తకం పక్కన పెట్టి కాపీరైట్ పేజీ, మూడు అంచులు వీడియో తీసి పంపమనండి. పుస్తకం చేతిలో ఉన్నవాడికి అది అరనిమిషం పని. 'పుస్తకాల మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి' అంటే అబద్ధం, అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. 'పార్సెల్ చెన్నై కస్టమ్స్‌లో ఆగింది, ఈ నంబరుకు యూపీఐ చేయండి' అంటే ఆ వ్యవహారం అక్కడితో ఆపండి, కస్టమ్స్ సుంకం ఎవరి సొంత నంబరుకూ పోదు. డబ్బు పోతే అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం అయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. పెద్ద సైట్‌లో కొన్నది నకిలీ అని తేలితే పార్సెల్ విప్పే వీడియోతో ముందు సైట్‌లో ఫిర్యాదు, కదలకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. అన్నట్టు, తెలిసి దొంగ అచ్చు అమ్మేవాడికి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు ఉంది, 'అందరూ అమ్ముతున్నారు మేడం' అన్నవాడికి ఒకసారి గుర్తుచేయొచ్చు.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఈబుక్ ఉచిత శాంపిల్ దించుకుని మొదటి రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చూడండి: వాలు అక్షరాలు, అధ్యాయం మొదటి ఉటంకింపు, పేర్ల మీది గుర్తులు. మూడూ కలిస్తే కాపీ పరవాలేదు. కలవకపోతే చదువుకోండి గానీ దాని మీద థియరీ కట్టకండి. గ్రూపులో ఆధారం చూపేటప్పుడు పేజీ నంబరు కాకుండా అధ్యాయం నంబరు, ఆ పేరాలో మొదటి నాలుగు మాటలు, మీది ఏ ఎడిషనో రాయండి. అమెరికా, బ్రిటన్ అచ్చుల్లోనే పేజీలు కలవవు, ఇక ఫుట్‌పాత్ అచ్చు సంగతి చెప్పేదేముంది.