135 మి.మీ. ఎఫ్/2 లెన్స్: ధూళి చిక్కుతుంది, ఫ్లాట్లు కుదిరితే

రాత్రి ఆకాశాన్ని ఫొటో తీయడానికి నేను వాడే ఈ కెమెరా లెన్స్ పదును గురించి, కట్టుదిట్టం గురించి ఇప్పటికే చాలామంది రాశారు, వాటి జోలికి పోను. ఆకాశంలో నక్షత్రాల మధ్య పరచుకున్న మసక ధూళిని పట్టడంలో దీనికి సాటి వచ్చే పరికరం ఇంతవరకూ నా చేతికి రాలేదు. సప్తర్షి మండలంలో ఎం81, ఎం82 గెలాక్సీల మీదుగా పరచుకున్న ధూళినే తీసుకోండి. దాన్ని వెలిగించేది పక్కనున్న ఏ ఒక్క నక్షత్రమో కాదు, మన పాలపుంత మొత్తం వెలుగు. అందుకే అంత మసక: చదరపు ఆర్క్‌సెకనుకు 26, 27 మాగ్నిట్యూడ్ల దగ్గర ఉంటుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు; మాగ్నిట్యూడ్ సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). మంచి చీకటి ఆకాశం 21.5 అనుకుంటే, ధూళి వెలుగు ఆకాశపు వెలుగులో నూరో వంతు. ఎఫ్ సంఖ్య ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుతురు; ఎఫ్/5 టెలిస్కోపుతో పోలిస్తే ఇక్కడ అదే పిక్సెల్ మీద ఆరు రెట్లకు పైగా వెలుతురు పడుతుంది. గంటసేపటి ఫ్రేములు కలిపి చూస్తే చాలు, ఆ తెరలు ఉన్నాయని తెలిసిపోతుంది. ఆ క్షణంలో కలిగే సంతోషం ఎన్నాళ్లు వాడినా తగ్గలేదు.

ఎఫ్/2 అన్నాను గానీ, నా లెన్స్ ముందు ఇప్పుడు 77 నుంచి 49 మి.మీ.కి దించే స్టెప్-డౌన్ రింగు బిగించే ఉంటుంది. దాని లోపలి ఖాళీ సుమారు 47 మి.మీ. కాబట్టి లెక్కకు ఎఫ్/2.9 అవుతుంది. వెలుతురు సగానికి పడిపోతుంది, నిజమే. కానీ ఎఫ్/2 దగ్గర ఫోకస్ చెడకుండా సెన్సర్ అటూ ఇటూ ఉండగల జాగా 11 మైక్రాన్లే, రింగుతో అది రెట్టింపవుతుంది. నక్షత్రాల చుట్టూ ఎర్రటి అంచు కూడా బాగా తగ్గుతుంది. లెన్స్ లోపలి బ్లేడ్లు మూసినా ఎఫ్ సంఖ్య ఇదే వస్తుంది గానీ, బాగా వెలిగే నక్షత్రాలన్నిటికీ ముళ్లు మొలుస్తాయి. గుండ్రటి రింగుతో ఆ బాధ లేదు. రింగు ఉన్నా ఉష్ణోగ్రత 2 డిగ్రీలు పడినప్పుడల్లా బాటినోవ్ మాస్కు (ఫోకస్ చూపించే గీతల మూత) పెట్టి ఫోకస్ సరిచూడాల్సిందే. ఒక మూల నక్షత్రాలే సాగుతుంటే సెన్సర్ వంగి ఉందని అర్థం. లెన్స్‌ను కెమెరాకు కలిపే అడాప్టరుకూ కెమెరాకూ మధ్య ఆ పక్కన అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి చూడండి. ఒక్కో పొర పదిహేను మైక్రాన్ల మందం ఉంటుంది, ఒక్కో పొరే పెంచుతూ పోవాలి.

ఇవన్నీ సర్దుకునేవే. విసిగించింది ఫ్లాట్ల వ్యవహారం. ఫ్లాట్ అంటే సమానంగా వెలిగే తెరను తీసిన ఫ్రేము; మూలల్లో తగ్గే వెలుతురును దాంతో భాగించి దిద్దుతాం.

ధూళి ఆకాశంలో నూరో వంతు అన్నాం కదా. అంటే ఫ్లాట్‌లో ఒక్క శాతం తప్పు దొర్లితే, ఆ తప్పూ ధూళీ సమానమైపోతాయి. ఇంత పెద్ద గాజు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు మూలల్లో వెలుతురు మూడో వంతు దాకా తగ్గిపోతుంది, ఫ్లాట్ దిద్దాల్సింది అంతా ఇంతా కాదు. ఎం81 ఫ్రేములో ఒక మూల లేత గోధుమరంగు పాయ ఒకటి పదే పదే వచ్చేది. అంచులు చెదిరి, మధ్యలో చిక్కబడి, అచ్చం ధూళిలాగే. దాన్ని నమ్మాలా వద్దా తేల్చే పరీక్ష తేలిక: కెమెరాను 90 డిగ్రీలు తిప్పి అదే చోటు మళ్లీ తీయాలి. నిజమైన ధూళి నక్షత్రాలతో పాటు తిరుగుతుంది, దొంగ ధూళి సెన్సర్ మూలనే అంటిపెట్టుకుంటుంది. ఈ పాయ మూల వదల్లేదు. 1983లో ఐరాస్ ఉపగ్రహం తీసిన 100 మైక్రాన్ల పరారుణ పటంతో పోల్చినా అక్కడ ఏమీ లేదు. చల్లటి ధూళి ఆ తరంగదైర్ఘ్యంలో వెలుగుతుంది కాబట్టి ఆ పటం గట్టి సాక్ష్యం.

ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది మూలలు ఎటు తప్పాయన్నది. దిద్దిన తర్వాత మూలలు మరీ తెల్లబడితే ఆకాశపు ఫ్రేముల్లో అదనపు వెలుతురో, తీసేయని బయాసో (కెమెరా ప్రతి ఫ్రేముకూ కలిపే స్థిరమైన అదనం) ఉంది. మూలలు నల్లగానే మిగిలితే ఆ అదనం ఫ్లాట్లలో ఉంది. ఇక్కడ తెల్లబడ్డాయి. లెన్స్‌కు మూత పెట్టి, 60 సెకన్ల డార్క్ (వెలుతురు పడకుండా తీసే ఫ్రేము) తీస్తూ అడాప్టర్ చుట్టూ టార్చి తిప్పితే దొంగ దొరికింది: ఫిల్టర్ పెట్టే సొరుగు అంచున సన్నటి సందు. కెమెరాను మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే మౌంటు మీది ఎర్ర లైటు, ల్యాప్‌టాప్ తెర చాలు, అందులోంచి దూరడానికి. మామూలు నల్ల టేపు పరారుణాన్ని పూర్తిగా ఆపకపోవచ్చు, లోహపు ఫాయిల్ టేపు చుట్టండి.

సందు మూసాక పాయ పోయింది, మూలలు మాత్రం ఈసారి కొద్దిగా నల్లబడ్డాయి. ఎల్ఈడీ ప్యానెల్‌ను హుడ్‌కు ఆనించి ఫ్లాట్లు తీస్తే వెలుతురు అన్ని కోణాల నుంచీ లోపలికి వెళ్లి, అడాప్టర్ లోపలి మెరిసే గోడకు తగిలి చెదురుతుంది. ఆకాశం నుంచి అంత వెలుతురు రాదు. గోడకు నల్లటి ముఖమల్ లాంటి ఫ్లాకింగ్ కాగితం అంటించాక మూలలు కుదుటపడ్డాయి. ప్యానెల్ మీద తెల్ల కాగితాలు వేసి, ఎక్స్‌పోజరు సెకనుకు పైనే ఉంచండి, లేకపోతే ఎల్ఈడీ మినుకులు చారలుగా పడతాయి. అంతే నిడివితో, మూత పెట్టి ఫ్లాట్-డార్కులు కూడా తీయాలి. ఫోకస్ కదిలినా, సొరుగు తెరిచినా, రింగు తీసినా పాత ఫ్లాట్లు పనికిరావు. గ్రేడియంట్ (ఫ్రేములో ఒక పక్క నుంచి మరో పక్కకు మారే నేపథ్యపు వెలుగు) తీసే సాఫ్ట్‌వేర్‌తో ఈ మరకలను చెరపాలని చూస్తే మరకతో పాటు ధూళీ పోతుంది. నేను మొదటి డిగ్రీ వాలు (ఒకే తీరుగా సాగే సరళమైన వాలు) మించి తీయను.

60 సెకన్ల ఫ్రేములు చాలు. మూడేసి ఫ్రేములకు ఒకసారి డిథర్ చేయాలి, అంటే కెమెరా గురిని కొద్దిగా జరపాలి. 3.76 మైక్రాన్ల పిక్సెల్‌కు ఇక్కడ 5.7 ఆర్క్‌సెకన్లు వస్తాయి, కాబట్టి డిథర్ కనీసం 30 ఆర్క్‌సెకన్లు ఉండాలి. టెలిస్కోపుకు పెట్టుకున్న చిన్న డిథర్ దీనికి కదలికే కాదు.

కొనాలా అంటే, మీకేం కావాలో దాన్నిబట్టి. ఏపీఎస్-సీ సెన్సర్ మీద 10 డిగ్రీల వెడల్పు వస్తుంది. జ్యేష్ఠా నక్షత్రం, ఎం4, రో ఒఫియుకై మేఘం, తూర్పుకు సాగే చీకటి పాయలు ఒకే ఫ్రేములో ఇమిడిపోతాయి. గెలాక్సీ లోపలి వివరం కావాలంటే మాత్రం ఇది కాదు, ఎం82 మొత్తం కలిపి 115 పిక్సెళ్ల పొడవే వస్తుంది. దేవయానిలోని ఎం31 లాంటిది మినహాయింపు, అది మూడు డిగ్రీల పొడవుంది.

నాకు 21.5 ఆకాశం అందుబాటులో ఉంది, ఎం81 ధూళికి రింగుతో ఆరు గంటలు సరిపోతాయి. మీ ఆకాశం 20 అయితే నేపథ్యం నాలుగు రెట్లు వెలుగుతుంది, అదే నాణ్యతకు 24 గంటలు కావాలి. ఫ్లాట్లు కూడా నాలుగు రెట్లు కచ్చితంగా ఉండాలి. ఈ ధూళి నక్షత్రకాంతినే తిప్పి పంపుతుంది కాబట్టి వీధి దీపాలను కోసే ఫిల్టర్లు దాన్నీ కోసేస్తాయి. అలాంటి చోట ఉన్నవాళ్లకు నేను దీన్ని ధూళి కోసం కొనమని చెప్పలేను.