శనివారం అరకు: పిల్లల్ని తీసుకెళ్ళే నాన్నకీ, ఒక్కడే వెళ్ళే మగవాడికీ

రెండు రోజుల సెలవులో నాలుగు చోట్లు చుట్టి ఆదివారం రాత్రి నడుం పట్టేసి ఇంటికి చేరడం విశ్రాంతి కాదు. ఒకటే ఊరు, ఒకటే గది, రానూపోనూ వేరేవాళ్ళు నడిపే బండి. ఖర్చు తగ్గేదీ అలసట తగ్గేదీ ఈ మూడింటితోనే. ఆ లెక్కన మన వైపు అరకును మించింది లేదు, ఎందుకంటే అక్కడ చూడాల్సిన దాంట్లో సగం దారిలోనే ఉంటుంది.

ఆ దారి కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో వేశారు. విశాఖలో ఉదయం ఏడు లోపే బయల్దేరే కిరండూల్ పాసింజర్ ఎక్కితే అరకుకు సుమారు నాలుగు గంటలు. జనరల్ టికెట్ 100 రూపాయల లోపే. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేదాకా మామూలు ప్రయాణమే, ఘాట్ అక్కడ మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, సిమిలిగూడ... ఒక సొరంగం అయ్యేలోపు ఇంకోటి. బయటికి రాగానే ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ. ఈ దారి కోసమైనా పొద్దున్నే లేవాలి.

రైలు విశాఖలోనే బయల్దేరుతుంది కాబట్టి ముప్పావు గంట ముందు ప్లాట్‌ఫాం మీద ఉంటే జనరల్‌లో కూడా కిటికీ దొరుకుతుంది. డిసెంబరు, జనవరి శనివారాల్లో మాత్రం రిజర్వేషన్ లేకుండా వెళ్ళొద్దు. ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు జనరల్‌లో సగం ఛార్జీ, కూర్చునే రిజర్వుడు పెట్టెల్లో సీటు ఇస్తారు గనుక పూర్తి ఛార్జీ. చాలామంది నాన్నలు ఇక్కడే లెక్క తప్పుతారు. అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె పిల్లలకు పండగే. కానీ ధర చాలా రెట్లు ఎక్కువ, పైగా కిటికీలు తెరుచుకోవు, కొండగాలి లోపలికి రాదు. ఒక్కడే వెళ్ళేవాడికి మామూలు పెట్టెలో కిటికీ సీటే మేలు. పిల్లలు వెంట ఉంటే తలుపు దగ్గర నిలబడే సరదా వద్దు. సొరంగంలోకి వెళ్ళగానే పెట్టె ఒక్కసారిగా చీకటవుతుంది, జనం కేకలేస్తారు, చిన్నవాళ్ళు బెదిరి చేయి వదిలేస్తారు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతారు. సమయానికి వస్తే పాసింజర్ అందుతుంది, గంట ఆలస్యమైతే అందదు. అప్పుడు కంగారు పడి టాక్సీ మాట్లాడుకోవద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరే, అక్కడినుంచి అరకు బస్సులున్నాయి, దూరం సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్ మలుపుల్లో పిల్లలకు వాంతులు ఖాయం. ముందు సీట్లలో కూర్చోబెట్టండి, నూనె టిఫిన్లు మాని ఇడ్లీ పెట్టండి. మాత్ర వేయాలనుకుంటే పిల్లల డాక్టరును ముందే అడిగి, బస్సెక్కడానికి అరగంట ముందు వేయండి.

గది సంగతి. ఒక్క మగవాడు వస్తే గది ఇవ్వడానికి వెనకాడే లాడ్జీలు ఇప్పటికీ ఉన్నాయి. తిరుమలలోనైతే ఒంటరిగా వచ్చినవారికి గది కేటాయించరు, యాత్రికుల వసతి సముదాయంలో హాలు, లాకరు ఉచితంగా ఇస్తారు. అరకు లాంటి చోట్ల అంత పట్టింపు లేదు గానీ బుక్ చేసేముందు ఫోన్ చేసి "ఒక్కడినే, ఆధార్ ఉంది, ఒక రాత్రి" అని చెప్పి ఔననిపించుకోండి. యాప్‌లో డబ్బు కట్టేశాక గుమ్మం దగ్గర గొడవ పడే అవస్థ తప్పుతుంది. పర్యాటక సంస్థ వారి హరిత వసతులు కుటుంబాలకు నిశ్చింత: ఆవరణ పెద్దది, పిల్లలు పరుగెత్తడానికి చోటుంటుంది. శని, ఆదివారాలకు చాలా ముందే నిండిపోతాయి. ఒంటరివాళ్ళకు బస్టాండు చుట్టుపక్కల చిన్న లాడ్జి చాలు. ఎక్కడైనా అడగాల్సినవి మూడే: వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి, రగ్గులు ఎన్ని ఇస్తారు, కరెంటు పోతే జనరేటరు ఉందా.

గుడారాలు ఫోటోల్లో బాగుంటాయి. చలికాలంలో రాత్రి మంచు కురిసి గుడ్డ పైపొర తడిసిపోతుంది, నేల చల్లదనం పలుచటి పరుపులోంచి వెన్నుకు ఎక్కుతుంది. మరుగుదొడ్డి ఎంత దూరమో, ఎంతమందికి ఒకటో అడగకుండా ఒప్పుకోవద్దు. పదేళ్ళ లోపు పిల్లలుంటే గుడారం మాట మరిచిపోండి. విశాఖలో ఒక రాత్రి ఆగాల్సి వస్తే రైల్వే రిటైరింగ్ రూముల్లో డార్మిటరీ మంచం చౌక. రైలు టికెట్ పీఎన్‌ఆర్ ఉంటే ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు.

చూసేవాటిలో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట రెండూ ఊళ్ళోనే, ఒక పూట పని. చాపరాయి వాగు దగ్గర నీళ్ళు లోతు లేనట్టే కనిపిస్తాయి, కానీ బండ నాచు పట్టి జారుతుంది. పిల్లల్ని ఒడ్డునే ఉంచండి. బొర్రా గుహలకు వెళ్తే మధ్యాహ్నం భోజన విరామం ఉంటుందని గుర్తుంచుకుని పొద్దున్నే చేరండి. లోపల మెట్లు ఎక్కువ, పైనుంచి నీటిచుక్కలు పడుతుంటాయి, నున్నటి అడుగున్న చెప్పులు పనికిరావు. బయట కోతులు చేతిలో సంచిని వదలవు. అక్టోబరు చివరి నుంచి వలిసె పూలు పొలాల నిండా పసుపు పరుస్తాయి. అది పంట. రైతుకు అడిగినంత ఇచ్చి, గట్టు మీదే నిలబడి ఫోటో తీసుకోండి.

బొంగులో చికెన్ తినకుండా రాకూడదు, అయితే చూసి కొనాలి. బొంగు పచ్చిది కావాలి: ఒక పక్క కణుపు మూసి ఉండి, రెండో పక్కనుంచి మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతిని ఆకులతో బిగిస్తారు. నూనె వేయరు. కోడిలోని కొవ్వు, బొంగులోని తడి కలిసి ముక్కను ఆవిరి మీద ఉడికిస్తాయి. నిప్పుల మీద తిప్పుతూ అరగంట పైనే కాల్చాలి. పైతోలు ఆకుపచ్చ పోయి నల్లబడాలి, మూతి ఆకుల సందుల్లోంచి ఆవిరి రావాలి. ఎండు బొంగైతే అంటుకుని ముక్క పొగ వాసన కొడుతుంది. పిల్లలకు కారం తగ్గించమని కూరకముందే చెప్పాలి, మూతి బిగించాక ఎవరి చేతుల్లోనూ ఉండదు. ముందే చీల్చి పెట్టిన బొంగులో వేడి చేసి ఇస్తే కొనొద్దు. కళ్ళ ముందు కాల్చిందే తీసుకోండి, ఆ అరగంట చలిమంట కాచుకోవచ్చు.

అంత దూరం వద్దనుకునే హైదరాబాదీలకు వికారాబాద్ అనంతగిరి ఉంది. రైల్లో వెళ్ళి ఆటోలో గుట్ట ఎక్కి, అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని, మూసీ పుట్టిన అడవిలో నడిచి రాత్రికి ఇంటికొచ్చేయవచ్చు. ఆదివారం సాయంత్రం చేవెళ్ళ రోడ్డు మీద కార్ల వరస చూస్తే రైలు విలువ తెలుస్తుంది. నాగార్జునసాగర్ పిల్లలకు మంచి పాఠం, జలాశయం నడుమ దీవి మీదున్న నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. లాంచీ తగినంతమంది చేరితేనే కదులుతుంది కాబట్టి పొద్దుటి లాంచీనే నమ్ముకోండి. ఎండాకాలంలో వద్దు.

అరకు నుంచి తిరుగు ప్రయాణంలో మాత్రం పాసింజర్‌ను నమ్మొద్దు. అది మధ్యాహ్నం తర్వాత వస్తుంది, ఖనిజం గూడ్సులకు దారి ఇస్తూ ఆగుతుంది, విశాఖ చేరేసరికి చీకటి పడిపోతుంది. రాత్రి బండికి టికెట్ ఉంటే ఆదివారం ఉదయం పదకొండు లోపు బస్సెక్కండి. ఎక్కేముందు కాఫీ పొడి కొనేటప్పుడు చికోరీ కలిపారా అని అడగండి. కలపనిది ఫిల్టర్‌లో కాస్త ఎక్కువ వేయాలి, ఒక చెంచా అదనంగా పడుతుంది.