కరువు సీమ సెర్తావ్: రెండు సినిమాలు

బ్రెజిల్ ఈశాన్యంలోని కరువు ప్రాంతం సెర్తావ్. ‘విదాస్ సెకాస్’ (1963), ‘సెంట్రల్ స్టేషన్’ (1998) రెండూ ఆ నేలని చూపిస్తాయి, చూపే తీరే వేరు.

నెల్సన్ పెరీరా దొస్ శాంతోస్ తీసిన మొదటిదాంట్లో ఒక పశువుల కాపరి కుటుంబం బతుకుతెరువు కోసం కాలినడకన వలసపోతుంది. మాటలు చాలా తక్కువ. ఎండని ఫిల్టర్లతో మెత్తబరచకుండా తీశారు; ఆ తెల్లటి వెలుగుకి మన కళ్లే మండుతాయి. ఎద్దులబండి కీచుమనే చప్పుడే దాదాపు సంగీతం. యజమాని లెక్కల్లో మోసం, పోలీసు దెబ్బలు చూశాక, ఈ కష్టానికి వానలు లేకపోవడం ఒక్కటే కారణం కాదని అర్థమవుతుంది.

వాల్టర్ సాలెస్ తీసిన రెండోదాంట్లో ప్రయాణం దిశ తిరగబడింది. రియో స్టేషన్‌లో చదువురాని వాళ్లకి ఉత్తరాలు రాసిపెట్టే దోరా, తల్లి చనిపోయిన పిల్లాడితో కలిసి వాడి నాన్నని వెతుకుతూ సెర్తావ్ వైపు వెళ్తుంది. ఫెర్నాండా మోంటెనెగ్రో నటనకి ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు. కానీ ఇక్కడ పల్లె మనసుకి మందులా కనిపిస్తుంది. భూమి ఎవరిదన్న ప్రశ్న వెనక్కిపోయింది.

ఏడిపించేది రెండోదే. నా ఓటు మొదటిదానికి. అలవాటు కోసం రెండోదానితో మొదలుపెట్టినా ఫర్వాలేదు, మొదటిది మాత్రం వదలొద్దు.