కంప్యూటర్ తెరకు తాళం వేసే విండోస్, ఎల్ బటన్లు: మా జిరాక్స్ షాపులో ఆరు నెలల వాడకం

"ఆంటీ, రుద్రుడికి రవత్తు పడలేదు."

ఏడో తరగతి పిల్లవాడొకడు కౌంటర్ మీదుగా మెడ చాచి ఈ మాట అన్నప్పుడు ముందు నాకు సిగ్గేసింది. నేను టైప్ చేస్తున్న తెర మీద, రామప్ప గుడిని 1213లో కట్టించిన సేనాని ఎవరన్న ప్రశ్న కింద మూడో జవాబు 'రేచర్ల రుదుడు' అనే ఉంది. సరిదిద్ది, మంచి పిల్లవాడివని మెచ్చుకున్నాను కూడా. వాడు ఆధార్ జిరాక్స్ తీసుకుని వెళ్లిపోయాక గాని నాకు వెలగలేదు. అది వాళ్ల బడి యూనిట్ పరీక్ష పేపరు. పరీక్ష ఎల్లుండి.

ఆ బడి సారుకు నేనే ఫోన్ చేసి ఒప్పుకున్నాను. ఆయన పేపరు మార్చి పంపారు, నేను డబ్బు తీసుకోకుండా మళ్లీ టైప్ చేశాను.

మాది హనుమకొండ నయీంనగర్‌లో పది అడుగుల షాపు. కుర్చీకీ జిరాక్స్ మిషన్‌కూ మధ్య నాలుగు అడుగులు. నేను అటు లేచిన ప్రతిసారీ తెర కౌంటర్ అవతలి వాళ్లకు కనిపిస్తుంది. పెళ్లి కార్డయితే పరవాలేదు, ఎలాగూ ఊరంతా పంచేదే. ప్రశ్నపత్రం అలా కాదు. మొదట్లో విండోను కిందికి దించేదాన్ని, ఒక్క క్లిక్కుతో పైకి వచ్చేది. తర్వాత మానిటర్ స్విచ్ ఆపడం మొదలుపెట్టాను. ఒక డిగ్రీ అమ్మాయి "అక్కా, మీ మానిటర్ ఆగిపోయింది" అంటూ ఎంతో సాయం చేస్తున్నట్టు తనే ఆన్ చేసింది.

చివరికి మడికొండ ఐటీ పార్కులో పనిచేసే మా మేనల్లుడు, "లేచేటప్పుడు విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కు అత్తా" అన్నాడు. అంతే. తెర మూసుకుపోతుంది. విండోస్ ఎక్స్‌పీ వచ్చిన 2001 నుంచీ ఉందట ఇది. నేను షాపు పెట్టింది 2006లో, ఎక్స్‌పీ తోనే. ఆ జెండా బొమ్మ బటన్ మీద ఇన్నేళ్లు దుమ్ము తుడిచాను తప్ప, దాని పనేమిటో అడగలేదు.

మొదటిసారి నొక్కినప్పుడు నవ్వొచ్చింది. కొండల బొమ్మ వచ్చింది, ఎంటర్ కొడితే మళ్లీ తెరుచుకుంది. కంప్యూటర్‌కు పాస్‌వర్డే లేదు మరి! తలుపు వేసి గడియ పెట్టకపోవడమే అది. సరేనని అక్షరాలతో పాస్‌వర్డ్ పెట్టాను. మర్నాడు నాలుగుసార్లు కొట్టినా తీసుకోలేదు. నా చేతులే తప్పేమో అనుకుంటుంటే, తెర కింద మూలన భాష తెలుగులో ఉండటం కనిపించింది. అంతకు ముందు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో టైప్ చేస్తూ వదిలేశాను. అక్షరాలకు బదులు చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఏ భాషలో పడుతున్నాయో తెలియదు. విండోస్, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మార్చాక తెరుచుకుంది. ఆ సాయంత్రమే అంకెల పిన్‌కు మారాను. తెలుగు టైపింగ్ చేసేవాళ్లు ఇది ముందే చేసుకోండి.

బాగా నచ్చినది, తెర మూసినా లోపలి పని ఆగకపోవడం. రెండు వందల కరపత్రాలు ప్రింట్‌కు ఇచ్చి తాళం వేసి టీ తాగి వచ్చినా ప్రింటర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. పిన్ కొడితే వదిలిన పేజీ వదిలిన చోటే, కర్సర్ సహా.

నచ్చనిది, దీనికి రెండు చేతులు కావాలి. విండోస్ బటన్ ఎడమ చివర, ఎల్ కుడి వైపు. ఒక చేతిలో ఎవరిదో మెమో ఉంటే కుదరదు. కొన్ని కీబోర్డులకు కుడివైపు కూడా విండోస్ బటన్ ఉంటుంది, ఈసారి అలాంటిదే కొంటాను. ఫోన్ దూరమైతే దానంతటదే తాళం పడే ఏర్పాటు కూడా ఉందని మేనల్లుడు బ్లూటూత్ కలిపి చూపించాడు. పది అడుగుల షాపులో ఫోన్ ఎంత దూరం పోతుంది? తీసేయించాను.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానంటే...

మొన్న ఆ పిల్లవాడే ప్రాజెక్టు కాగితాల కోసం వచ్చాడు. వాడు గుమ్మం ఎక్కేలోపే నా రెండు చేతులూ కదిలాయి. తెర మీద కొండలు. వాడు అటు చూడనే లేదు. మా ఇంక్ ట్యాంక్ ప్రింటర్ నుంచి కాగితాలు అక్షరాలు పైకి కనిపించేలా ఒక్కొక్కటే ట్రేలోకి జారుతున్నాయి. వాడు తల వంచి పైదాన్ని రెండు వరుసలు చదివి, నిరాశగా, "ఇది తొమ్మిదో తరగతిది కదా ఆంటీ" అన్నాడు.

ఇప్పుడు ట్రే మీద పాత కేలండర్ అట్ట కప్పుతున్నాను.